ఎగ్జిమా రోగి యే వైద్యుని గడప త్రొక్కును?

వరంగల్లు నగరమున చర్మవ్యాధితో బాధపడు మనుష్యునకు దారులు పెక్కు గలవు. జనులు ఎమ్‌జీఎమ్ దవాఖాన యని పిలుచుకొను మహాత్మా గాంధీ స్మారక వైద్యశాలలో, 1959లో నెలకొన్న కాకతీయ వైద్య కళాశాలకు చెందిన ఆచార్యులు చర్మరోగులను చూచెదరు. అనంతలక్ష్మీ ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలకు పోయినవారికి కషాయములు, తైలములు, వానితోపాటు పథ్యపు నియమములు లభించును. హనుమకొండ వీధులలో హోమియో వైద్యుల గదులు గలవు. పల్లెకు మరలినచో బండి మీద ఇంటికే వచ్చి సూది వేయు ఆర్‌ఎంపీ డాక్టరు కలడు. పొలిమేర దాటినచో ఆకుపసరు పూయు ముసలయ్య కలడు. ఏ చీటియు నడుగక మలాము గొట్టమును చేతిలో పెట్టు మందుల దుకాణము సరేసరి. ఇన్ని దారులలో ఎగ్జిమా రోగి యేది పట్టును, ఎందుచేత పట్టును, ఒకదానిని విడిచి మఱియొకదాని నెప్పుడు పట్టును అను ప్రశ్నలకు సమాధానము వైద్యగ్రంథములలో కంటె ఆ రోగి యింటివారి మాటలలోను, అతని భయములలోను, అతడు నిద్రలేక గడపిన రాత్రులలోను ఎక్కువగా దొరకును.

ఎగ్జిమా యను పేరు క్రింద పలురకముల చర్మశోథలు చేరియున్నవి. పసితనముననే బుగ్గలపై మొదలై, బిడ్డ పెరిగిన కొలది మోచేతి మడతలకును మోకాలి వెనుకకును దిగుచు, ఉబ్బసమును తుమ్ములును గల కుటుంబములలో తఱచుగా కనబడు రకమునకు 1933లో ఫ్రెడ్ వైజ్, మారియన్ సల్జ్‌బెర్గర్ అను అమెరికా వైద్యులు 'అటోపిక్ డెర్మటైటిస్' అని పేరు పెట్టిరి. ఇట్టి రోగుల చర్మము సున్నము రాలిన ఇటుకగోడ వలె లోని తేమను వెలికి పోనిచ్చి, వెలుపలి దుమ్మును లోనికి రానిచ్చుచుండును. ఫిలాగ్రిన్ అను మాంసకృత్తును తయారుచేయు జన్యువులోని లోపములు కొందఱిలో దీనికి ముఖ్యకారణమని 2006లో స్కాట్లండులోని డండీ నగర శాస్త్రజ్ఞులు చూపిరి. పెద్దవారి చేతులకు వచ్చు ఎగ్జిమాలో మాత్రము పుట్టుకతో పాటు చేయు పనికిని గొప్ప భాగము కలదు. మిరపకాయలకు పేరువడిన మన ఎనుమాముల మార్కెటు ప్రాంతమున దినమంతయు తొడిమలు తీయు స్త్రీల వ్రేళ్లు, సిమెంటు కలుపు కూలీల అరచేతులు, హోటళ్ళలో సబ్బునీట గిన్నెలు తోమువారి చేతులు పగిలి మండుట కందఱును సాక్షులే. వీనిలో ఏ రకమును ఒకరినుండి మఱియొకరికి అంటునది కాదు.

అంటదని చెప్పినంత మాత్రమున లోకము నమ్మదు. చూచువారి కంటికి గజ్జి, తామర, ఎగ్జిమా అన్నియు నొకటే. మొదటి రెండును నిజముగా అంటునవి గనుక మూడవదానికిని అదే శిక్ష పడును. బడిలో ఆ పిల్లవాని ప్రక్క బెంచి ఖాళీ యగును. హాస్టలులో బకెట్టు వేఱు, తువ్వాలు వేఱు. బంతిభోజనమున వడ్డించుటకు లేచిన కోడలిని ఎవరో ఒకరు మెల్లగా 'నువ్వు కూసో బిడ్డా' అని ఆపుదురు. ఆ మాటలో దయ యెంత యున్నను, ఆమె చేతుల వంక అందఱును ఒకసారి చూచిన సంగతి ఆమె మఱువదు.

రాత్రి వచ్చినదనగా రోగము పెరిగినట్లే. పగలు ఆటలో మఱచిన దురద పక్కమీద చేరిన వెంటనే లేచును. తల్లి బిడ్డ గోళ్లు మొదలంట కత్తిరించును. చేతులకు పాత మేజోళ్లు తొడిగి మణికట్టున దారము చుట్టును. అప్పటికిని చాలక వాని రెండు చేతులను తన గుప్పిట పట్టుకొని పడుకొనును. ఆమె కన్ను మూతపడిన నిమిషములోనే వాడు చేయి విడిపించుకొని, మేజోడు నూడలాగి, నెత్తురు కారునంతగా గోకుకొనును. తెల్లవారి దుప్పటిమీద చుక్కలు చూచి ఆమె తన్ను తానే నిందించుకొనుచుండగా, అత్తగారు 'కడుపుతోటి ఉన్నప్పుడు వంకాయ తినొద్దంటె ఇన్నదా' అని ఆ నిందకు మఱికొంత చేర్చును. 1994లో వేల్సు దేశమున కార్డిఫ్ నగర వైద్యులైన ఫిన్లే, ఖానులు చర్మరోగుల జీవితము ఎంత చెడినదో కొలుచుటకు 10 ప్రశ్నల పట్టిక నొకటి సిద్ధపఱచిరి; దురద యెంత యని మొదలై, సిగ్గు కలుగుచున్నదా, కట్టు బట్టలు మార్చుకొనవలసి వచ్చెనా, దాంపత్యమున ఇబ్బంది కలదా, చికిత్సయే ఇంటికి భారమైనదా యని అవి సాగును. పిల్లలకై మఱుసటి యేడు వెలువడిన పట్టికలో నిద్రను గూర్చియు ప్రత్యేకముగా అడిగిరి. మచ్చ యెన్ని అంగుళములని కొలుచుటతో తృప్తిపడిన వైద్యమునకు ఇది గొప్ప మేలుకొలుపు అని నా యభిప్రాయము.

పెండ్లియీడు వచ్చిన బాలిక సంగతి వేఱుగా చెప్పవలసియున్నది. చూపుల దినమున రవికె చేతులు మోచేతుల క్రిందికి దిగును. మెడపైని నలుపును పైట కప్పును. మందు గొట్టములు బీరువాలో చీరల వెనుకకు పోవును. 'పెద్ద దవాఖానల లైన్ల నిలబడితె మనోళ్లు ఎవలన్న చూస్తరు' అని తల్లి వెఱచి, ఎవరి కంటను పడని దూరపు వైద్యునో, కాగితపు పొట్లములో తెల్లని మాత్రలు కట్టియిచ్చు హోమియో వైద్యునో ఆశ్రయించును. ఆమె హోమియో సిద్ధాంతమును పరిశీలించి మెచ్చినది కాదు, అల్లోపతిని తిరస్కరించినదియు కాదు. వాసన లేని మందు, మరక పడని మందు, వరుసలో నిలువ నక్కఱలేని మందు ఆమెకు కావలెను. ఇట్టి సందర్భములలో వైద్యమును నిర్ణయించునది రోగముకంటె గోప్యమే.

ఇక స్టెరాయిడు భయము. ఆధునిక వైద్యమున ఎగ్జిమాకు ప్రధానమైన ఆయుధము పూతగా వాడు స్టెరాయిడు. పైన చెప్పిన సల్జ్‌బెర్గరే విక్టర్ విట్టెన్ అను సహచరునితో కలిసి 1952లో హైడ్రోకార్టిసోను పూత వలన ఈ వ్యాధి శమించుట లోకమునకు తెలిపెను. అంతకు పూర్వము తారు, జింకు, తడిగుడ్డలు తప్ప వేఱు గతి లేని రోగులకు అది వరమే యైనది. కాని వరమును వాడు పద్ధతి యొకటి గలదు. బలహీనమైన రకములు మొదలుకొని మిక్కిలి తీవ్రమైన రకముల వఱకు ఈ పూతలకు తరగతులు గలవు. పసిబిడ్డ చెక్కిలికి తగినది వేఱు, ఏండ్ల తరబడి మందమెక్కిన పాదమునకు తగినది వేఱు. ఈ భేదము నెఱుగని మన దేశమున, గట్టి స్టెరాయిడును శిలీంధ్రనాశినితోను యాంటిబయాటిక్కుతోను కలిపిన గొట్టములు అంగడిలో సబ్బువలె అమ్ముడుపోయినవి. తామరపై పూసిన దురద రెండు దినములలో అణగును, కాని శిలీంధ్రము చల్లగా తొడలంతటను ప్రాకును. తెల్లబడుటకై ముఖమునకు నెలల తరబడి పూసిన యువతుల చర్మము పలుచనై, ఎఱ్ఱనై, మొటిమలతోను వెండ్రుకలతోను నిండును. మానినంతనే మంట లేచును గనుక మానలేకపోవుదురు. చర్మవైద్యుల సంఘము మొఱపెట్టగా మొఱపెట్టగా, 2018లో కేంద్ర ప్రభుత్వము 14 రకముల స్టెరాయిడు పూతలను డాక్టరు చీటి లేనిదే అమ్మరాదని శాసించినది.

కావున ప్రజల భయమునకు ఆధారము లేకపోలేదు. ఇంగ్లండున నాటింగ్‌హామ్ నగరమున 200 మంది ఎగ్జిమా రోగుల నడిగి 2000లో ప్రకటించిన పరిశీలనలో 72.5 శాతము మంది ఈ పూతలనిన తమకు భయమని చెప్పిరి. 24 శాతము మంది ఆ భయముచేతనే చెప్పినట్లు వాడలేదని ఒప్పుకొనిరి. చదువుకొన్న దేశముననే ఇట్లున్నప్పుడు మన యింటి తల్లి నేమనవలెను? నన్ను కలచివేయునది ఆమె భయము కాదు, ఆ భయము నిలిచిన చోటు. వైద్యుడు ఆలోచించి వ్రాసిన మెత్తని హైడ్రోకార్టిసోను గొట్టముపై 'స్టెరాయిడు' అను మాట చూచినంతనే దానిని మూల పెట్టిన యిల్లాలే, పొరుగింటివారు మంచిదన్న, దానికి నూఱు రెట్లు తీవ్రమైన దుకాణపు మలామును అదే బిడ్డకు నిశ్చింతగా పూయుచున్నది; ఏలయనగా దాని పేరు ఆమెకెవరును చెప్పలేదు.

ఈ భయమునకు అలసట తోడగును. ఎగ్జిమా వచ్చుచు పోవుచు నుండు వ్యాధి. 'మలాము రాస్తె తగ్గుతది, బంద్ జేస్తె మళ్ల మొదలు' అను మాట ప్రతి చర్మవైద్యుడును దినమున కెన్నిసార్లు వినునో! రోగికి కావలసినది తగ్గుట కాదు, పోవుట. 'లోపలి నుండి మూలమును పెరికివేయుదుము' అను మాట అతనికి అమృతప్రాయముగా తోచును. పెద్దాసుపత్రి యేదైనను, అచ్చట వైద్యుని యెదుట బారులు తీరిన జనసమూహములో ఒక్కొక్కరికి దక్కునది రెండు మూడు నిమిషములు. చేయి చాపుట, చీటి వ్రాయుట, పిలుపు తరువాతివానికి. అది వైద్యుని దోషమనుట అన్యాయము. కాని ఆయుర్వేద వైద్యుడు నాడి పట్టి, ఆకలి యెట్లున్నది, మలబద్ధము కలదా, నిద్రలో దాహమగునా యని యడుగును. హోమియో వైద్యుడు కోపము, భయము, స్వప్నములు, చిన్ననాటి దుఃఖములు సైతము వ్రాసికొనును. తన కథను మొదటినుండి తుదివఱకు విన్న మొదటి మనుష్యుని రోగి నమ్ముటలో వింత యేమున్నది? ఇంగ్లండున లీసెస్టర్ ఆసుపత్రికి వచ్చిన ఎగ్జిమా పిల్లలలో 46 శాతము మంది ఇతర వైద్యములను వాడియుండిరని 2003లో తేలినది; నార్వేలో అంతకు పూర్వమే, 1990లో, రోగులలో ఇంచుమించు సగము మంది ఆ మాటయే చెప్పిరి. కావున దీనిని అజ్ఞానమని కొట్టివేయువారు రోగిని గాని, మానవస్వభావమును గాని ఎఱుగరని చెప్పవలసివచ్చుచున్నది.

మన సీమలో ఆయుర్వేదమునకు గౌరవము నిన్న మొన్నటిది కాదు. ఓరుగంటి రుద్రమదేవి కాలమున, 1261లో, వేయించిన మల్కాపురపు శాసనములో మఠముతోపాటు అన్నసత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల నెలకొల్పుటకు దానము చేసిన సంగతి కలదు. చరకుడు కుష్ఠములను 18గా లెక్కించి, వానిలో 7 మహాకుష్ఠములనియు 11 క్షుద్రకుష్ఠములనియు విభజించెను. ఆ పదునొకండిటిలోని విచర్చిక లక్షణములు నేటి ఎగ్జిమాకు మిక్కిలి దగ్గరగా నున్నవి. పాలతో చేపలను కలిపి భుజించుట వంటి విరుద్ధాహారమును కారణములలో చేర్చిన ఆ శాస్త్రము రోగికి ఒక కారణమును, ఒక కర్తవ్యమును చేతికిచ్చును. ఏమియు చేయలేక దురదతో కూర్చున్న మనుష్యునకు 'ఇది తినకు, ఇట్లు పడుకొనుము' అను నియమము తన శరీరముపై తనకే కొంత యధికారమును మరల నిచ్చినట్లుండును. పథ్యపు మహిమలో సగము ఇచ్చటనే యున్నదని నేను తలంతును.

కాని ఈ నాణెమునకు రెండవ వైపును చూపకతీరదు. పథ్యము పేరిట రెండేండ్ల బిడ్డకు పాలు, గ్రుడ్లు, పప్పులు అన్నియు మాన్పించి, చర్మము సగము కుదుటపడునప్పటికి ఎముకలు తేలునట్లు చేయు తల్లులు గలరు. నిజముగా ఆహారము పడక ఎగ్జిమా పెరుగువారు పిల్లలలో కొందఱే, వారిని కనిపెట్టుటకు పరీక్షలు గలవు. పూర్వగ్రంథములు కుష్ఠకారణములలో పాపకర్మమును సైతము చేర్చుటచేత, సర్పదోషమని శాంతులు చేయించి అప్పులపాలైన కుటుంబములును గలవు. రోగమునకు తోడు పాపభారమును మోయించు ఏ మాటయు వైద్యము కాదు. వేపాకు నూఱి పచ్చిపుండుపై దట్టించుట వలన మంట హెచ్చిన చేతులును, పసరు కాచి పూయగా బొబ్బలెక్కిన కాళ్లును చర్మవైద్యులకు క్రొత్త కాదు. ఇంటిలోని సాధనములన్నియు నిష్ప్రయోజనములని దీని భావము కాదు; శుద్ధమైన కొబ్బరినూనె పిల్లల పొడిచర్మమునకు మినరల్ ఆయిలు కంటె మేలు చేసెనని 2014లో ఫిలిప్పీన్సు వైద్యులు పరీక్షించి ప్రకటించిరి.

పేరు లేని డబ్బాల సంగతి వేఱు. 1999లో లండను వైద్యులు చీనా మూలికల పూతలని చెప్పి రోగుల కిచ్చిన 11 మందులను పరీక్షింపగా, 8టిలో డెక్సామెథసోను అను స్టెరాయిడు బయటపడినది. స్టెరాయిడునకు వెఱచి మూలికలను వెదకుకొనుచు పోయిన ఆ రోగులు, తమ బిడ్డల ముఖములకు తెలియకనే స్టెరాయిడును పూసిరి. ఇట్టి మోసమునకు దేశపు ఎల్లలు లేవు. చీటిపై పాళ్లు వ్రాయని పూత మూడు దినములలో అద్భుతము చేసినచో, సంతోషించుటకు ముందు సంశయించుట మంచిది.

ఇంకొక సంగతి. ఎవరును తమ బాధ తక్కువగా నున్నప్పుడు వైద్యుని మార్చరు. అది పరాకాష్ఠ నందినప్పుడే మార్చుదురు. వచ్చుచు పోవుచు నుండు వ్యాధి పరాకాష్ఠ తరువాత దానంతట అదియే కొంత తగ్గవలసినది. ఆ తగ్గుదల కీర్తి యంతయు చిట్టచివర పట్టిన చేతికే చెందును. అట్లని చిట్టచివరి వైద్యుడు ఏమియు చేయలేదని అనరాదు. కాని ఒక్క రోగి చెప్పిన సాక్ష్యముపై ఊరంతయు కదలిపోవుటకు ముందు ఈ సంగతి తలపున నుండవలెను. మృగశిర కార్తెనాడు హైదరాబాదులో ఉబ్బసమునకు చేపమందు కొఱకు బారులు తీరు జనమును చూచినవారికి, విశ్వాసము ఎంతటి దూరము నడిపింపగలదో వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఏ వైద్యమును అడుగని ప్రశ్న రోగిని ఎట్లు చెఱచునో తెలియుటకు మన రైతుల వయ్యారిభామ వ్యాధిని చూడవలెను. 1950 దశకము నడుమ పూనా ప్రాంతమున మొదట కనబడి, దేశమంతయు ప్రాకిన ఈ విదేశపు కలుపును కొందఱు కాంగ్రెసు గడ్డి యందురు. తెల్లని చిన్న పూవులతో చూచుటకు ముచ్చటగా నుండు ఈ మొక్క ధూళి గాలిలో తేలి వచ్చి, పడనివారి కనురెప్పలపై, మెడ మడతలలో, మోచేతుల లోపల వ్రాలి, ముఖమంతయు నల్లబడి బెరడువలె మందమగునట్లు చేయును. వానలు పడి మొక్క ఏపుగా లేచు కాలమున బాధ హెచ్చును. ఇట్టి రైతు ఒకచోట మలాము, ఒకచోట కషాయము, ఒకచోట పొట్లము పుచ్చుకొని, ప్రతిచోటను కొంత తగ్గి, ఇంటికి మరలి, గట్టుమీద అదే కలుపును ఒట్టి చేతులతో పెరికి, మరల మంచమెక్కును. 'నీ పొలము గట్టున ఏమి మొలచినది' అని యడిగినవాడే అతనికి వైద్యుడు. ఆ వైద్యుడు ఏ పద్ధతివాడైనను సరే. కలుపునుండి దూరముగా నుండుటతో పాటు, అవసరమైనచో రోగనిరోధక వ్యవస్థను నిదానింపజేయు అజథయోప్రిన్ వంటి మాత్రలు చర్మవైద్యుని పర్యవేక్షణలో పనిచేయును.

నా మనస్సును మిక్కిలి బాధించునది దారులు పలువిధములుగా నుండుట కాదు, ఒక దారిలో నడచినవాడు ఆ సంగతిని రెండవ దారిలోనివానికి చెప్పకపోవుట. 'ఎక్కడెక్కడికి పోయి వచ్చినవ్' అని డాక్టరు కోపగించునని రోగి కషాయపు సీసాను సంచి అడుగున దాచును. 'ఇంగ్లీషు మందు ముట్టితివా, ఇక నా మందు పనిచేయదు' అని వైద్యుడనునని మలామును దాచును. ఈ రెండు దాపరికముల నడుమ, ఏ మందు వలన మేలు కలిగినదో, ఏ మందు వలన కీడు కలిగినదో ఎవరికిని తెలియకపోవును. హోమియో మందు మొదలిడిన దినమే స్టెరాయిడును మాన్పింపగా లేచిన మంటను 'రోగము బయటికి తన్నుచున్నది' అని సంతోషించువారును గలరు. బిడ్డ జ్వరముతో ఆసుపత్రిలో చేరువఱకు ఆ సంతోషము సాగును. 'ఇంట్ల ఉన్న డబ్బలన్ని తీసుకరాండ్రి, కోప్పడ' అని ముందుగా చెప్పు వైద్యునివద్దకు రోగి అన్ని డబ్బాలను తెచ్చును.

ఆ డబ్బాల నన్నిటిని చూచిన పిమ్మట ఆ వైద్యుడు గొట్టమును చేతికిచ్చి ఊరకుండక, పూయు విధము చూపవలెను. 1991లో బ్రిటిషు వైద్యులు కనిపెట్టిన సులువైన కొలత యొకటి గలదు: చూపుడువ్రేలి కొసనుండి మొదటి గీత వఱకు గొట్టమునుండి పిండిన మలాము సుమారు అర గ్రాము, అది పెద్దవాని రెండు అరచేతులంతటి చర్మమునకు చాలును. దీని నెఱుగక భయస్థులు బొట్టంత పూసి మందు పనిచేయలేదందురు, ఆత్రపరులు రెండు దినములకొక గొట్టము ఖాళీచేయుదురు. స్నానము చేసిన మూడు నిమిషములలో, ఒడలు తడిగా నుండగనే కొబ్బరినూనెయో, వాసలీనో పట్టించుటయు అంత ముఖ్యమే. ఎగ్జిమా వైద్యమున సగము ఇది. తల్లి తన వ్రేలిపై తానే పిండి, బిడ్డ మోచేతి మడతకు తానే పూసి చూపినప్పుడు ఆమె ముఖమున కనబడు ధైర్యము, చీటిపై వ్రాసిన పది మందుల వలన రాదు.

అప్పుడామె తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: 'పూర్తిగ పోతదా సారూ?' ఊరి గోడలపై వ్రాసిన 'నూటికి నూఱుపాళ్లు గ్యారంటీ' అను ప్రకటనలన్నియు ఈ ప్రశ్నకే సమాధానములు. నిజమైన సమాధానము ఇంకొక రకముగా నుండును: చాలమంది పిల్లలకు పెద్దగునప్పటికి ఇది తగ్గిపోవును, కొందఱికి వయస్సు వచ్చిన తరువాత చేతులపై మరల కనబడును, ఎవరికి ఏది కలుగునో ముందుగా చెప్పలేము, పెరిగినప్పుడు అణచుటకు మందు కలదు, అణగినప్పుడు కాపాడుకొనుటకు తైలము కలదు, వచ్చునెల ఈ వారమున మరల రమ్ము, వచ్చునప్పుడు కషాయపు సీసాను కూడ తీసికొని రమ్ము.